బాలరాజ్ నింపిపోయిన ఐదు రౌండ్లు

మేగజైన్‌ను చూడొద్దు. చూసినా తెలిసేదేం లేదు, అసలు రౌండును, పేలని ఉత్త రౌండును ఒక్కతీరుగ తయారుచేసిండు ఆ మనిషి, పక్కపక్కన పెడితే చేసినోడే ఒక్కోపారి తడబడేటోడు, అయినా చూడొద్దు, అది తొమ్మిదేండ్ల కింద వాళ్లిద్దరి నడుమ పడ్డ ఒప్పందం, నింపినోడు చెప్పొద్దు, కాల్చేటామె చూడొద్దు. అందుకే సుజన కండ్లు మూసుకొని బల్ల మీద తడిమి మేగజైన్ అందుకున్నది, కండ్లు మూసుకొనే పిస్టల్ల ఎక్కించింది, అది లోపల గట్టిగ కూసున్నంకనే కండ్లు తెరిచింది. ముంగట ఇరవై అయిదు మీటర్ల దూరంల కాగితం, కాగితం మీద నల్లటి గుండ్రం, దానెనుక ఇసుక బస్తాలు, బస్తాల ఎనుక పోలీసు హెడ్‌క్వార్టర్స్ రాతిగోడ, గోడవతల పాతబస్తీ మొత్తం బోనాల సోమవారం లొల్లిల ఉన్నది. రేంజ్‌ల మాత్రం ఎవ్వరు లేరు. కొలువున్నోళ్లందరు బందోబస్తుల ఉన్నరు. బుధవారం పిస్టల్ టీముకు సెలక్షనున్నదని ఇన్‌చార్జి సోమశేఖర్ సార్ సుజనకు రెండు గంటలు మాఫీ ఇచ్చిండు గానీ, ఏడు కొట్టంగనే ఆమె గూడ లాఠీ పట్టుకొని యాడనో ఒక చౌరస్తల నిలబడాల్సిందే. ఇప్పుడు అయిదయింది.

తలుపు కాడ స్టూలు మీద ఎల్లప్ప బాపు కూసున్నడు. రేంజ్ తాళాలు, రేంజ్ రిజిస్టర్లు, రేంజ్ పిల్లి, అన్నీ ఆయనయే, రిటైరయ్యేతందుకు ఎనిమిది నెలలున్నయి. ఇంతకుముందే చెప్పిండు, చెప్పేటప్పుడు పిల్లి దిక్కే చూసిండు.

“పొద్దుగాల బాలరాజ్ వచ్చిండు బిడ్డా. జిల్లా కంపెనీ తోని బందోబస్తుకొచ్చిండట. సత్తావన్ మేగజైన్ అడిగిండు, లోపల కూసొని అయిదు నింపిండు, సుజనకియ్యి అన్నడు, పోయిండు. చాయ్ తాగుమంటే గూడ ఆగలే.”

“ఇంకేమన్నడు బాపూ?”

“ఏమనలే. ఆరింటికి మా బండి వాపసు పోతదన్నడు. గది నీకు చెప్పుమని అన్లే, ఉత్తగనే అన్నడు.”

“అయిదిట్ల అసలుయి ఎన్ని?”

“నేనెన్ని ఇచ్చిన్నో నాకెర్క. నీకు చెప్ప.”

చెప్పడు, ఆ ముసలాయన నోరు ఆయుధాల గది తాళం కంటె గట్టిది. సుజన చెవులకు డబ్బాలు పెట్టుకున్నది. డప్పులు దూరం జరిగినయి, తీన్‌మార్ దెబ్బ గోడలకెళ్లి కాకుండ నేల లోపలికెళ్లి వస్తున్నట్టయింది, ఆమె ఊపిరి ఆమెకు పెద్దగ వినబడ్డది. సత్తావన్ అంటే ఈ పిస్టలే. పిడి మీద యాభై ఏడు అని నంబరున్నది, ఈ కొలువుల తుపాకులను ఉర్దూల నంబరు పెట్టి పిలుస్తరు, మనుషులను పిలిచినట్టే, సత్తావన్‌కు నూనె పెట్టినవా, సత్తావన్ యాడికి పోయింది అని. ఏడాదిన్నర తర్వాత చేతికొచ్చింది. పిడి మీద ఎడమ దిక్కు చిన్న గీత, ఆమె బొటనవేలు వచ్చి ఆ గీత మీదనే కూసున్నది, వెతుకకుంటనే. ఏడాదిన్నర సంది ఆ వేలు ఈ గీత కోసమే ఎదురుచూసిందేమో, ఆమెకు చెప్పలే అంతే.

చెయ్యి లేపింది. పిస్టల్ మూతి మీద గురి చూసే సైటు మీదనే చూపు, అవతలి గుండ్రం మసకగ ఉండాలె, సైటు మాత్రం సూది మొన లెక్క సాఫ్‌గ ఉండాలె, మెల్లగ, వేలు మాత్రమే, మనిషి కాదు, వేలు, అనేటోడు బాలరాజ్, నువ్వు యాడికన్న పోయి కూసో, వేలును దాని పని చేసుకోనియ్యి. ఆమె యాడికి పోతది. ఆమె ఎప్పుడు ఆయన కాడికే పోతది. సైటు మసకబడ్డది. చెయ్యి దించింది. మనసు పక్కకు జరిగితే కాల్చొద్దు, దించు, మల్ల లేపు, దించుడుకు సిగ్గేంది అనేటోడు, పది సార్లు దించినోళ్లే పదకొండోపారి కొడ్తరు అనేటోడు. లేపింది. దించింది.

పిస్టల్ పేలుడంటే నాకేం భయం అంటరు అందరు. సుజన గూడ అన్నది, ఇరవై నాలుగేండ్ల వయసుల, కొత్తగ టీములకొచ్చిన దినాలల్ల, ఛత్రినాక గల్లీల పెరిగిన పిల్లను నాకు భయమేంది అని. మనసుకు ఉండకపోవచ్చు, ఒంటికుంటది. హోళీ నాడు ఎవడన్న రంగు చల్లేతందుకు చెయ్యెత్తితే సాలు, రంగు ఇంకా పడనే పడది, కండ్లు మూతపడ్తయి, ఎవరు ఆపగల్గుతరు దాన్ని. పిస్టల్ కాడ గూడ గంతే, పేలుడు రాకముందే మణికట్టు జడిసి మూతిని వంచుతది, గుండు పోయి కిందికి, ఎడమకు తగుల్తది, అసలు రౌండైతే ఆ వంగుడు పేలుడుల కలిసిపోతది గనుక ఎవ్వరికి కనబడది, కాల్చినామెకు అసలే కనబడది. ఆ దొంగను పట్టేతందుకే బాలరాజ్, తుపాకులు రిపేరు చేసే ఆర్మరర్ గదా, ఉత్త రౌండ్లు చేసిండు. కాలిన రౌండ్ల డొప్పలేరి, మందు లేకుంట, ఎనుక రబ్బరు ముక్క కూరి, ముంగట ఇత్తడి కొస బిగించి, పది చేసిండు. అసలు వాటిల ఉత్తయి కలిపి మేగజైన్ నింపేటోడు, ఏది ఏదో ఆయనకే ఎర్క. ఉత్తది వస్తే పేలుడు ఉండది, టక్ మంటది, మూతి వంగుడు పట్టపగలు దొరికిపోతది, ఎనుక నిలబడ్డ బాలరాజ్ మెల్లగ ‘ఊఁ’ అంటడు. తిట్టు కాదు, ఎక్కిరింపు కాదు. అమ్మ కథ చెప్తుంటే పిల్లలు అనే ఊఁ అది, ఇంకేంది, తర్వాతేంది అన్నట్టు. ఆ పని ఒక్కలే చేసుకునేది కాదు. ఎవరికి వాళ్లు నింపుకుంటే తెలిసిపోతది. ఇంకొకరు నింపాలె, ఎనుక నిలబడాలె. ఏడాదిన్నర సంది సుజనకు నింపేటోళ్లు లేరు.

ఈపారి చెయ్యి నిలిచింది. సైటు నిలిచింది. ఇది ఉత్తదే, మొదటిదే ఉత్తది పెట్టి ఉంటడు, ఎప్పుడు గట్లనే చేసేటోడు, అనుకుంట వేలు ఒత్తుతున్నదో లేదో తెల్వనంత మెల్లగ ఒత్తింది, పిస్టల్ పేలింది. అసలుది. ఆమె ఉలిక్కిపడ్డది పేలినంక, పేలకముందు కాదు. దుర్బిన్ల చూసింది. గుండ్రం నడుమ ఉన్నది తూటు, కొద్దిగ పైకి, ఎడమకు కాదు, కిందికి కాదు.

గోడ కాడ నేర్పిండు బాలరాజ్ మొదలు. మూడు నెలలు ఒక్క రౌండు గూడ ఇయ్యలే. ఆయుధాల గది ఎనుక సున్నం కొట్టిన గోడ, దాని మీద గుండ్రం లేదు, చుక్క లేదు, ఏం లేదు. “గోడను కొట్టు” అన్నడు. “దేన్ని కొట్టాలె సార్, ఏం లేదు గదా” అన్నది. “ఏం లేకుంటనే కొట్టు. కొట్టేది ఏదన్న ఉంటే నీ కండ్లు దాని మీదికి పోతయి.” పిస్టల్ ఖాళీ, మూతికి కాలిన డొప్ప నిలబెట్టిండు, ట్రిగ్గర్ ఒత్తితే అది పడొద్దు. పడ్డది, మల్ల పడ్డది, నాలుగు దినాలు వంగి వంగి ఏరుకునుడుకే సరిపోయింది. అయిదో దినం సుజన ఇంటికెళ్లి లక్కగాజు తెచ్చింది. అమ్మ కాశమ్మ లాడ్ బజార్ దుకాణపోళ్ల గాజులకు ఇంట్ల కూసొని అద్దాలు, రాళ్లు అతికిస్తది, ఒంకర పోయిన గాజులు ఇంటినిండ ఉంటయి. దాన్ని పిస్టల్ మూతికి తగిలించింది, డొప్పయితే పడ్తది, గాజైతే ఊగుతది, వంగుడు తప్పుతది గదా అన్నది. బాలరాజ్ గాజును చూసిండు, ఆమెను చూసిండు. “ఇది నేనెందుకు అనుకోలే” అన్నడు. ఎర్రగాజు, రెండు అద్దాలు ఊడిపోయినయి. ఆ గాజు ఊగకుంట వంద సార్లు ఒత్తినంక ఆ దినం పని అయినట్టు. ఊగుడు ఆగేతందుకు మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలు ఇద్దరు ఒక తెల్లగోడ ముంగట ఒక ఎర్రగాజును చూసుకుంట నిలబడ్డరు. ఇప్పుడు తల్చుకుంటే ఆమె బతుకుల అంత నిండుగ ఉన్న దినాలు మల్ల రాలే. ఏం జరుగలే ఆ దినాలల్ల. గాజు ఊగలే, గంతే.

రెండోది. లేపింది, ఈపారి దించలే, ఇదైన ఉత్తదే అనుకున్నది, పేలింది. దుర్బిన్ల చూడలే, ఎర్కయింది, మంచిగ పోయింది. రెండసలుయి వరుసగ ఎందుకు పెట్టిండు.

ఒక్కటి గమ్మత్తు. ఈ కొలువుల అందరు అందరికి అన్నలే. డ్రైవరన్న, గార్డన్న, మెస్సు అన్న, తెల్వనోడు ఎదురైతే గూడ అన్నా జర జరుగు. సుజన గూడ అందరిని అన్నా అనేటిదే, బాలరాజ్‌ను తప్ప. ఆయనను సార్ అన్నది. హెడ్‌కానిస్టేబుల్ను సార్ అంటరా, నేనేం ఎస్సైనా, అందరనే లెక్క అన్న అను సుజనా, అని రెండు మూడు సార్లు చెప్పిండు, ఆమె ఊకొట్టింది గానీ అనలే. నోరు రాలే. ఒకనాడు రేంజ్‌కు టిఫిన్ డబ్బా పట్టుకొచ్చిన కాశమ్మ వాళ్ల మాటలు విన్నది, ఇంటికి పోయినంక రాయి అతికించుకుంట, తల ఎత్తకుంట అడిగింది. “గల్లీల పాలపోనికి గూడ అన్నా అంటవు. ఆ సార్‌నెందుకు అనవే?” సుజన గిన్నెలు తోముడు పెద్దగ చేసింది. అమ్మ మల్ల అడుగలే, ఏడు ఆదివారాలు చర్చిల మోకాళ్ల మీద ఏం అడిగిందో ఆ తల్లికే ఎర్క. చర్చికి పోయే పిల్ల, గట్టు మైసమ్మకు దండం పెట్టే మనిషి, ఇద్దరికి వయసు పోతున్నది, ఇద్దరికి ఇంట్ల సంబంధాల మాటలొస్తున్నయి, ఇద్దరు వద్దంటున్నరు, ఎందుకు వద్దో ఎవ్వరికి చెప్తలేరు, ఒకరికొకరు గూడ. మాట్లాడేతందుకు పిస్టలుండె గదా. ట్రిగ్గర్ ఎట్లున్నది, స్ప్రింగు మార్చిన, బరువుగున్నదా, ఇయ్యాల ఎన్ని ఉత్తయి పట్టినవు. ఇండ్లల్ల మొగడు పెండ్లాలు గూడ ఇంత ముచ్చట పెట్టరు.

మూడోది పేలింది. అసలుదే. ఆమె నవ్వుకున్నది, ఏం మనిషివయ్యా, ఇంకెన్ని పెట్టినవు, ఇంకెప్పుడు టక్ మంటది. డొప్ప పోయి కింద పట్ట మీద దొర్లింది. ఎల్లప్ప బాపు స్టూలు మీదనే కూసున్నడు, పిల్లి లేదు, పేలుడుకు అది ఎప్పుడో గోడెక్కింది. గోడ గడియారంల అయిదుంబావు దాటింది. ఇక్కడికెళ్లి ఛత్రినాకకు నడిచిపోతే ఉత్త దినమైతే పావుగంట, ఇయ్యాల జనంల అర్ధగంట. ఆ లెక్క ఎందుకు వేస్తున్నవు సుజనా, నువ్వు పోతవా. రెండు దినాల సంది పోలే గదా.

రెండు దినాల సంది బాలరాజ్ డ్యూటీ ఛత్రినాక చౌరస్తలనే, సరిగ్గ వాళ్ల గల్లీ మూల మీద. బందోబస్తు పాయింట్లు ఎవరు వేస్తరో గానీ మంచి సోయి తోనే వేస్తరు. ఆదివారం పొద్దుగాల డ్యూటీకి బయలెల్లిన సుజన గల్లీ కొసకు పోయి చూసింది, టోపీ కింద ఆ మెడను చూసింది, ముఖం గూడ కాదు, మెడనే, ఎనుకకు తిరిగి ఎనుక గల్లీల మోరీ పక్కకెళ్లి పోయింది. రాత్రికి మోరీ గల్లీ, ఇయ్యాల పొద్దుగాల మల్ల మోరీ గల్లీ. కాశమ్మ మాత్రం చాయ్ గిలాస పట్టుకొని పోయొచ్చింది. “మీ ఆర్మరర్ సార్ మన మూల మీదనే నిలబడ్డడు. పలచబడ్డడు పాపం. చాయ్ ఇచ్చొచ్చిన. నిన్ను అడుగలే” అన్నది. నిన్ను అడుగలే అన్న ముక్క అమ్మ కావాల్నని చివరికి పెట్టింది, ఆమెకు ఎర్క యాడ పెడితే తగుల్తదో.

ఏ మొఖం పెట్టుకొని అడుగుతడు, ఏ మొఖం పెట్టుకొని ఈమె ఎదురువడ్తది. లేపిన చెయ్యి దించింది. ఇది అనుకోవద్దనే ఇంతసేపు గాజు గురించి, గోడ గురించి అనుకున్నది. రూప వచ్చింది టీములకు, చిన్న పిల్ల, మంచి పిల్లనే, ఆమెకు కొత్త పిస్టలొచ్చింది, నల్లగ మెరిసేది, ఆ ఏడు రూప ముంగటికి పోయింది, సుజన గుండ్లు మల్ల కిందికి, ఎడమకు పడుడు షురువైనయి. ఏడేండ్ల కింద పోయిన జడుపు మల్లొచ్చింది, జరం లెక్క. బాలరాజ్ గోడ కాడికి రమ్మన్నడు, గాజు తెమ్మన్నడు. ఏడేండ్లు కాల్చినంక ఇంకా గోడేంది, నేనేమన్న కొత్తదాన్నా. పసుపు అద్దాలు కొన్నది, రెండు దినాలు మంచిగ పడ్డయి, మల్ల ఎడమకు. పిడికి రబ్బరు తొడుగు, బిగుతు బూట్లు, మణికట్టుకు పట్టీ. ప్రతిదీ రెండు దినాలు, మూడు దినాలు. ఒకపారి రూప పిస్టల్ తీసుకొని కాల్చింది, అన్నీ నడుమనే పడ్డయి, చూసినవా సార్, చూసినవా, అని కాగితం పట్టుకొని ఉరికింది. “కొత్తది గదా, నీ ఒంటికి అదెప్పుడు పేలుతదో ఇంకా తెల్వది. నాలుగో దినం తెలుస్తది” అన్నడు. ఎంత కోపమొచ్చిందో. ఆయనకు సత్తావన్ అంటేనే ప్రేమ, నేనంటే కాదు, అనుకున్నది, గంత మాట అనుకున్నది. కొత్త పిస్టల్ కావాలంటే పాతది పాడైనట్టు రిజిస్టర్ల ఉండాలె. రాసింది. ట్రిగ్గర్ పట్టేస్తున్నది, రిపేరు సరిగ్గ లేదు, గుండ్లు పక్కకు పోతున్నయి, సంతకం, తేదీ. ఒట్టు, ఆమె పిస్టల్ మీదనే రాసింది, మనిషి మీద రాస్తున్న అనుకోలే. రిపేరు చేసినోని పేరు పక్క గళ్లనే ఉన్నది, ఆమె దాని దిక్కు చూడలే. సైటు చూసుడు నేర్చిన మనిషి, పక్క గడి చూసుడు నేర్వలే.

మెమో ఇచ్చిన్రు బాలరాజ్‌కు. పిస్టల్‌ను పరీక్ష పెట్టున్రి, బాగనే ఉన్నదని తేలుతది అంటే అయిపోవు. అనలే. లోపం నాదే అని రాసిచ్చిండు. ఆసిఫాబాద్ దిక్కు పంపిన్రు, జీతంల ఒక మెట్టు కోసిన్రు, పోయేటప్పుడు రేంజ్‌కు గూడ రాలే. సుజనకు కొత్త పిస్టలొచ్చింది. నాలుగో దినం గుండ్లు కిందికి, ఎడమకు పడ్డయి. పోయిన నెల ఎల్లప్ప బాపు చెప్పిండు, కొత్త ఆర్మరర్ సత్తావన్‌ను బిగింపుల పెట్టి కాల్చిండు బిడ్డా, అయిదు గుండ్లు ఒక్క తూటుల దూరినయి అని. మరి సార్ ఎందుకు ఒప్పుకున్నడు బాపూ అంటే, పిస్టల్ మంచిదంటే నువ్వు అబద్ధం రాసినట్టయితది, టీముల కెళ్లి తీసేస్తరు, గది గూడ సమజ్ కాదా నీకు, అన్నడు. ఆ దినం నుంచి ఆమెకు తిండి సయిస్తలేదు. ఫోన్ల పేరు తీసి చూసుడు, పెట్టేసుడు. తప్పు నాది అని నాలుగక్షరాలు రాసుడు, చెరిపేసుడు. ఆమెకు ఆ మనిషి కావాలె. క్షమించకపోతే మానె, ఎనుక నిలబడితే సాలు, ఊఁ అంటే సాలు, సున్నం గోడ ముంగట మల్ల మూడు నెలలు ఒక్క రౌండు ఇయ్యకుంట నిలబెట్టినా సాలు. ఆరింటికి బండి పోతది. పోతే మల్ల ఏడాదికి బోనాలు.

నాలుగోది లేపింది, ఇది ఉత్తదే కావాలె, లెక్క ప్రకారం ఇదొక్కటే ఉత్తదయ్యేతందుకు మిగిలింది, ఎందుకంటే ఆఖరుది ఎప్పుడు అసలుదే, అది బాలరాజ్ పట్టుదల, ఆమెకు నింపిన ఏడేండ్లల్ల ఒక్కనాడు తప్పలే. “ఆఖరుది పేలాలె, పేలితే పని అయిపోయినట్టు, ఇగ ఇంటికి పో అన్నట్టు. ఉత్త టక్ తోని మనిషిని ఇంటికి పంపొద్దు” అనేటోడు. కాబట్టి ఇదే. టక్ మంటది, మూతి వంగుతదా వంగదా చూద్దాం, వంగకుంటే సార్‌కు చెప్ప, వంగితే చెప్త, అనుకుంట వేలును దాని పని దాన్ని చేసుకోనిచ్చి ఆమె యాడికో పోయి కూసున్నది. పేలింది. దుర్బిన్ల చూస్తే నాలుగు తూట్లు పక్కపక్కన, ఒక గాజు లోపల పట్టేటంత జాగల, నడుమనే.

ఇగ ఒక్కటే ఉన్నది, అది అసలుదే. అయిదుకు అయిదు అసలుయే పెట్టిండన్నట్టు. అంటే పరీక్ష పెట్టేతందుకు రాలే, నీకిగ నా అక్కర లేదు, నువ్వు నేర్చినవు, నీ తొవ్వ నీది, అని చెప్పి పోయిండన్నట్టు. ఆమె పిస్టల్ దించింది. ఒక్క టక్ పెడితే ఏంపోవు. గంత దూరంకెళ్లి వచ్చి, మేగజైన్ నింపి, ఒక్క ఉత్తది పెట్టబుద్ధి కాలేదా నీకు. ఉత్తది ఉంటే నువ్వున్నట్టు ఉండేది. కండ్లల్ల నీళ్లొచ్చినయి, నీళ్లుంటే సైటు కనబడది, తుడుసుకున్నది. సరే పేలనియ్యి, అయిపోనియ్యి, ఇంటికి పో అంటున్నవు గదా, పోత. లేపింది. ఇది పేలేదే అని ఒళ్లంతటికి ఎర్కనే. వేలు ఒత్తింది.

టక్.

మూతి వంగింది. కిందికి, ఎడమకు, బెత్తెడంత, గుడ్డోనికి గూడ కనబడేటంత. పేలుడు లేదు, పొగ లేదు, రేంజ్ అంత సప్పుడు లేకుంట ఉన్నది, ఆమె చెయ్యి అట్లనే వంగి ఉన్నది, ఆమె మెడ ఎనుక వెంట్రుకలు ఊఁ కోసం నిక్కినయి. ఊఁ రాలే. ఎల్లప్ప బాపు తలుపు కాడ నిలబడ్డడు, ఎప్పుడు లేచిండో, చూడనట్టు చూస్తున్నడు. సుజన మెల్లగ పిస్టల్ పైభాగం ఎనుకకు గుంజింది, ఉత్త రౌండు ఎగిరి పట్ట మీద పడ్డది. వంగి తీసుకున్నది. ఎనుక రబ్బరు, ముంగట ఇత్తడి కొస, ఆయన గోర్ల గీతలు గూడ ఉన్నట్టనిపించింది. తెల్వని నాలుగింట్ల ఆమె చెయ్యి రాయి లెక్క నిలిచింది. తెలుసనుకున్న ఒక్కదాంట్ల జడిసింది. సత్తావన్ ఏం చేసింది పాపం, సత్తావన్ అయిదింట్ల ఒక్కతీరుగనే ఉన్నది. ఏడాదిన్నర సంది బాలరాజ్ నోరిప్పి అనని మాటను ఒక్క టక్ తోని అన్నడు. తొమ్మిదేండ్ల పట్టుదల తప్పిండు, ఆఖరుది ఉత్తది పెట్టిండు. ఇంటికి పొమ్మనలే. పని అయిపోలే అన్నడు.

ఆమె చెవి డబ్బాలు తీసింది, డప్పులు మీదవడ్డయి. పిస్టల్ ఖాళీ చేసి చూపించి ఎల్లప్ప బాపు చేతుల పెట్టింది, లోపలికి పోయి రిజిస్టర్ అందుకున్నది. సత్తావన్ పేజీ తీసింది, ఏడాదిన్నర కింది తన రాత కింద రాసింది, పిస్టల్‌ల లోపం లేదు, రిపేరుల లోపం లేదు, నేను రాసింది తప్పు, లోపం నా చేతిల ఉన్నది. సంతకం, తేదీ. బాపు అద్దాలు పెట్టుకొని చదివిండు, రెండుసార్లు.

“ఇది సోమశేఖర్ సార్ కాడికి పోతది బిడ్డా. బుధవారం సెలక్షను.”

“పోనీ బాపూ.”

“జర ఆగి రాస్తే ఏమాయె. గురువారం రాయి.”

“గురువారం ఆయన ఉండడు” అన్నది, ఉత్త రౌండును పిడికిట్ల పట్టుకొని బయలెల్లింది.

గడియారం చూడలే. ఎనుక గల్లీ, మోరీ, ఏ అడ్డదారి వద్దు, సక్కగ పెద్దరోడ్డు మీదనే, జనంలకెళ్లి, పసుపు, వేపాకు, సాంబ్రాణి పొగ, పోతరాజు కొరడా దెబ్బ పక్కకెళ్లి పోయింది, జరుగున్రి అమ్మా, జర జరుగున్రి, యూనిఫాం చూసి కొందరు జరిగిన్రు, కొందరు జరుగలే, ఆటోలు ఆగి ఉన్నయి, సన్నగ తుంపర షురువైంది, చెమటో తుంపరో, ఏం చెప్పాలె, మొదలు ఏం చెప్పాలె, తప్పు నాదని మొదలు చెప్పాల్నా, నువ్వు పలచబడ్డవని మొదలు చెప్పాల్నా. ఛత్రినాక చౌరస్త కనబడ్డది. నీలం బండి ఇంజను మోగుతున్నది. జిల్లా కంపెనీ ఎక్కుతున్నది, నలభై మంది, నలభై టోపీలు, అందరి ఈపులు ఇటే ఉన్నయి. గల్లీ మూల మీద కాశమ్మ ఖాళీ చాయ్ గిలాస పట్టుకొని నిలబడి ఉన్నది. ఇంకా ఇరవై అడుగులు, నడుమ జనం, పోయేతందుకు జాగ లేదు. పిలువాలె. సార్ అంటే సగం మంది తిరుగుతరు. అన్నా అంటే కంపెనీ మొత్తం తిరుగుతది, అన్నా అని ఆమె ఆయనను ఎప్పుడన్నది గనుక.

“బాలరాజ్” అని పిలిచింది.

పెద్దగ పిలిచింది. ఒక కానిస్టేబులు పిల్ల హెడ్‌కానిస్టేబుల్ను నడిరోడ్డు మీద పేరు పెట్టి పిలిచిందని ముప్ఫై తొమ్మిది టోపీలు తిరిగినయి. ఒక్కటి తిరుగలే. బండి కడ్డీ పట్టుకొని ఒక కాలు పైన పెట్టిన మనిషి అట్లనే ఆగిపోయిండు. మెడ అదే. సుజన జనాన్ని జరుపుకుంట పోయి ఆయన ఎనుక నిలబడ్డది, ఏడేండ్లు ఆయన ఆమె ఎనుక నిలబడ్డంత దూరంల. పిడికిలి తెరిచింది. బాలరాజ్ అప్పుడు తిరిగిండు. నిజంగనే పలచబడ్డడు.

“ఆఖరుది” అన్నది. ఊపిరి అందుతలేదు. “ముందు నాలుగు వంగలే. ఆఖరుదాంట్ల వంగింది. సత్తావన్‌ది తప్పు లేదు. నీది లేదు. రిజిస్టర్ల రాసి సంతకం పెట్టొచ్చిన.”

“బుధవారం సెలక్షనున్నది గదా.”

“ఉన్నది.”

బండిల నుంచి ఎవరో రావయ్యా అని పిలుస్తున్నరు. ఘటం వస్తున్నది, బండి తీయున్రి అని ఇంకెవరో అంటున్నరు. బాలరాజ్ ఉత్త రౌండును చూసిండు, తీసుకోలే.

“ఎంత వంగింది?” అన్నడు.

సుజన బొటనవేలు, చూపుడువేలు నడుమ జాగ చేసి చూపించింది. తక్కువ చెయ్యలే, ఎంత వంగిందో అంత చూపించింది. ఆయన ఆ జాగను చూసిండు, ఆమె ముఖం చూసిండు. కడ్డీ మీదికెళ్లి చెయ్యి తీసి, పైన పెట్టిన కాలు కింద పెట్టిండు.

“ఊఁ” అన్నడు.